పైథాన్‌తో గ్రాఫులు, 7వ పాఠం: ఒకే లిస్టు, రెండు విండోలు

పోయిన పాఠం చేసినవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోయారు. శ్రీశైలం నీటిమట్టం చూపే మొదటి విండోలో కొత్త రీడింగ్ పడుతోంది. రోజువారీ తేడా చూపే రెండో విండో మాత్రం పాత గీతతోనే ఉండిపోయింది, ఎర్రర్ కూడా రాలేదు. కాబట్టి ముందు దాన్ని సరిచేద్దాం, రెండు విండోలూ కలిసి జూమ్ అయ్యే సంగతి, ఈరోజు అసలు పాఠం, చివర్లో చూద్దాం.

రెండు విండోలు తెరవడం, షో ఒక్కసారే చివర్లో పిలవడం మీకు వచ్చు. తప్పు అక్కడ లేదు, ఈ లైనులో ఉంది:

మట్టాలు = మట్టాలు + [878]

చూడ్డానికి లిస్టులో ఒక అంకె చేర్చినట్టే ఉంటుంది. కానీ పైథాన్ పాత లిస్టునీ 878నీ కలిపి కొత్త లిస్టు తయారుచేసి, మట్టాలు అనే పేరును దానికి తగిలిస్తుంది. మొదటి విండో ఆ పేరుతోనే చదువుతోంది కాబట్టి దానికి కొత్తది దొరికింది. రెండో విండో మొదట్లోనే లిస్టును తన దగ్గర ఇంకో పేరుతో పెట్టుకుంది. ఆ పేరు ఇప్పటికీ పాత లిస్టుకే ఉంది.

అపెండ్ వాడండి, ఉన్న లిస్టులోనే చేరుతుంది. అంతటితో వదిలిపోదు. చివరి 30 రోజులే చాలనుకుని

మట్టాలు = మట్టాలు[-30:]

అని రాసినా మళ్లీ ఇదే గొడవ. ఇలా రాయాలి:

మట్టాలు[:] = మట్టాలు[-30:]

లిస్టు అదే ఉంటుంది, లోపలి అంకెలే మారతాయి. తేదీల లిస్టుకీ ఇదే పని చేయండి. అంకెల పనికి వాడే నంపై లైబ్రరీలో అపెండ్ ఎప్పుడూ కొత్త అరేనే (అంకెల వరుసనే) ఇస్తుంది, అందుకే ఈ పాఠాల్లో దాని జోలికి పోను. అనుమానం వస్తే రెండు పేర్లకీ ఐడీ, అంటే లిస్టు గుర్తింపు అంకె, ప్రింట్ చేసి చూడండి. అంకెలు వేరుగా వస్తే లిస్టులూ వేరే.

లిస్టు ఒకటే అయినా గీత దానంతట అది కదలదు, ఎందుకంటే మన గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ గీసేటప్పుడే అంకెలను తన దగ్గరకు కాపీ చేసుకుంటుంది. నేను తాజాచెయ్ అని ఒకటే ఫంక్షన్ పెట్టుకుంటాను. గీతలకు కొత్త అంకెలిచ్చే సెట్ డేటా, యాక్సిస్‌ల హద్దులు మళ్లీ సరిచేసే రీలిమ్, ఆటోస్కేల్ వ్యూ, క్యాన్వాస్‌లను తిరిగి గీయించే డ్రా ఐడిల్, అన్నీ రెండు విండోలకూ అందులోనే. విండోకో ఫంక్షన్ రాస్తే ఏదో ఒకటి పిలవడం మర్చిపోతారు. 30 మట్టాలకు 29 తేడాలే వస్తాయి కాబట్టి రెండో గీతకు తేదీలు రెండో రోజు నుంచి ఇవ్వండి.

ఇక జూమ్. రెండో యాక్సిస్ తయారుచేసేటప్పుడు షేర్ఎక్స్‌కి మొదటి యాక్సిస్ ఇస్తే, ఒక దాంట్లో ఆగస్టు మొదటి వారానికి వెళ్తే రెండోదీ అక్కడికే వస్తుంది. షేర్‌వై వద్దు. ఒకటి వందల అడుగుల్లో, ఇంకోటి అడుగూ రెండడుగుల్లో ఉంటుంది.

అభ్యాసం: నిండుమట్టం 885 అడుగులకు ఇంకా ఎంత తక్కువుందో చూపే మూడో విండో చేర్చండి. అంకెలు మీరే ఊహించుకుని, వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల నుంచి కర్నూలులో అందరూ గేట్లు ఎప్పుడెత్తుతారని అడిగే రోజుల దాకా వేసుకోండి. రీడింగులు పడుతుండగా మధ్య విండో మూసేయండి. మిగతా రెండూ ఆగకుండా నడవాలి.