ఆష్కాష్ విమానాల పండుగలో సీప్లేన్ల రేవు చూసేదెట్లా

జులై ఆఖర్లో అమెరికాలో పిల్లల దగ్గరుండే నల్లగొండ, పాలమూరు అమ్మానాన్నలు విస్కాన్సిన్‌లోని ఆష్కాష్ విమాన ప్రదర్శనకు పోతే, ఒక పూట సీప్లేన్ల (నీళ్ల మీద నుంచి లేచి నీళ్ల మీదే దిగే విమానాల) రేవుకు దాచిపెట్టుకోండి. ప్రధాన మైదానంలో ఎండ, నడక, చెవులు గింగురుమనే హోరు. కొన్ని మైళ్లు దక్షిణాన విన్నెబేగో సరస్సు ఒడ్డున చెట్ల నీడ, పచ్చిగడ్డి. మైదానం నుంచి బస్సులుంటాయి.

గాలి లేవకముందే, పొద్దున్నే పోవాలి. ఈ సరస్సు లోతు 21 అడుగులు మించదు. లోతు తక్కువ నీళ్లలో గాలి లేస్తే పొట్టి అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. అప్పుడు విమానాలు ఎగరవు. గాలి ఎక్కువైతే సాగర్‌లో లాంచీ ఆపినట్టే ఇక్కడా పడవ షికారు ఆగుతుంది. అలాగని అద్దంలా నిలిచిన నీళ్లు పైలట్‌కు సులువేం కాదు. ఎంత ఎత్తులో ఉన్నాడో కంటికి అందదు. అందుకే ఒడ్డును ఆనవాలుగా పెట్టుకుని మెల్లగా దిగుతాడు.

కట్టేసిన విమానాల మధ్యకు పడవలో తీసుకెళ్తారు. ముక్కులన్నీ ఒకే దిక్కు చూస్తుంటాయి. ముందు భాగం బోయాకు (నీళ్లలో లంగరేసి తేలే బుంగకు) కట్టి ఉంటుంది కాబట్టి గాలి ఎటు నుంచి వీస్తే అటే తిరుగుతాయి. ఎగిరేదీ ఆ దిక్కుకే, ఒడ్డున చోటు చూసుకోండి.

కింద పడవల్లా ఉండేవి ఫ్లోట్లు. ఒక్కోదాంట్లో కనీసం 4 అరలు, ఒకటి కారినా మునగకుండా. రెండూ కలిసి విమానం బరువుకు 180 శాతం మోయగలవు. పొద్దున పైలట్ ఫ్లోట్ మీద కూర్చుని, ఒక్కో అర రబ్బరు మూత తీసి చేతిపంపుతో నీళ్లు తోడతాడు. దాన్ని దగ్గరగా చూడండి: మిగతావాటిలో నాలుగు చుక్కలొచ్చి ఒకదాంట్లో మాత్రం ధారగా వస్తే, కారే అర అదే.

సీప్లేన్‌కు నీటి మీద బ్రేకులుండవు, ఇంజన్ అందుకోగానే కదులుతుంది. తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనబడదు. పిలవనిదే రేవు చెక్కల మీదికి పోవద్దు. కొంగు నడుముకు చెక్కుకోండి, చున్నీ ముడేసుకోండి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. తడి చెక్క జారుతుంది, హవాయి చెప్పులు వద్దు. దోమల మందు, టోపీ, పులిహోర డబ్బా సంచిలో ఉంటే చాలు. బస్సు దిగంగనే వెనక్కి పోయే ఆఖరి బస్సు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి.