కాలేజీ వైడ్ రిసీవర్‌ని ఎలా చూడాలి

అమెరికాలో ఎంఎస్ చేయడానికి వెళ్లినవాళ్లు చాలామంది ఓ శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్తారు, మూడు గంటలసేపు బంతి ఎటు పోతే అటు తల తిప్పి, ఏమీ అర్థం కాక తిరిగొస్తారు. బంతిని వదిలేయండి. ఒక్క వైడ్ రిసీవర్‌ని, అంటే మైదానం అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ విసిరే పాస్ కోసం పరిగెత్తే ఆటగాడిని ఎంచుకుని, అతని కాలేజీ రికార్డంతా ముందేసుకుని కూర్చోండి.

నన్నడిగితే డెవాంటా స్మిత్‌తో మొదలుపెట్టండి. లూసియానాలోని అమీట్ అనే చిన్న ఊరి కుర్రాడు, బక్కపలచని మనిషి. 2017లో అలబామా యూనివర్సిటీలో చేరాడు, మొదటి ఏడాది పట్టినవి 8 క్యాచ్‌లే. అది చూసి పెదవి విరవకండి, ఆ ఎనిమిదింటికి 160 యార్డులు వచ్చాయి, అంటే క్యాచ్‌కి 20. కొత్త కుర్రాడిలో ముందు చూడాల్సింది ఈ సగటు. కాకపోతే ఎనిమిది క్యాచ్‌లని మరీ నమ్ముకోలేం కాబట్టి తర్వాతి ఏడాదులు కూడా చూడాలి: 2018లో 42 క్యాచ్‌లకి 693, 2019లో 68కి 1,256. బంతి ఎక్కువసార్లు వస్తున్నా సగటు 16కి తగ్గలేదు, అదీ అసలు సంగతి.

ఇప్పుడు 2018 జనవరి 8 నాటి కాలేజీ జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ వీడియో పెట్టుకోండి, అలబామాకి ఎదురుగా జార్జియా. ఓవర్‌టైమ్, జార్జియా 23-20తో ముందుంది. అలబామా క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా అప్పుడే 16 యార్డులు వెనక్కి వెళ్లి దొరికిపోయాడు. రెండో డౌన్, అంటే పది యార్డులు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో రెండోది, ఇప్పుడు 26 యార్డులు కావాలి. మొదటిసారి టువా తల మాత్రమే చూడండి, ముందు కుడివైపు తిరుగుతుంది. రెండోసారి వెనకాల కాపలా ఉన్న సేఫ్టీని చూడండి, ఆ చూపుకి మోసపోయి ఆలస్యమవుతాడు. మూడోసారి ఎడమ గీత పక్కన స్మిత్‌ని చూడండి, నేరుగా పరుగు, 41 యార్డుల టచ్‌డౌన్, అంటే బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటితే వచ్చే ఆరు పాయింట్లు, 26-23తో అలబామా గెలుపు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హైస్కూల్ అయిన మూడేళ్లకి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోటికి, వెళ్లొచ్చు కాబట్టి ఎవరు వెళ్లారు, ఎవరు ఆగారు అన్నది కూడా గమనించండి. జట్టులోని జెర్రీ జ్యూడీ, హెన్రీ రగ్స్ 2020లో వెళ్లిపోయి మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు, స్మిత్ ఆగాడు. ఆ సీజన్ మధ్యలో ఇంకో రిసీవర్ జేలెన్ వాడిల్ చీలమండకి దెబ్బ తగలడంతో భారమంతా ఇతని మీదే పడింది, అయినా 117 క్యాచ్‌లు, 1,856 యార్డులు, 23 టచ్‌డౌన్‌లు, పైగా ఏడాదికొక్క అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత అప్పటిదాకా ఏ వైడ్ రిసీవర్‌కీ అది దక్కలేదు. ఒహాయో స్టేట్‌తో ఫైనల్లో మొదటి సగంలోనే 12 క్యాచ్‌లు, 215 యార్డులు. తర్వాత వేలికి దెబ్బ తగిలి బయటికొచ్చేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు పదో పిక్‌గా తీసుకుంది.

ఇంకొకటి, గీత పక్కన క్యాచ్ పట్టినప్పుడు వీడియో ఆపి పాదాలు చూడండి. కాలేజీలో ఒక్క పాదం లోపల పడితే చాలు, ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ పడాలి. ఒక్కటి చాలినా రెండో పాదాన్ని కూడా లోపలే ఆనించే కుర్రాడు కనిపిస్తే అతని నంబర్ రాసిపెట్టుకోండి.