మసాయి మారాలో లాడ్జి బస: ఎలా ఎంచుకోవాలి, ఎలా ఉండాలి?

కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వుకు వెళ్లే చాలామంది స్విమ్మింగ్ పూల్ ఫొటో చూసి లాడ్జి బుక్ చేసేస్తారు. నిజానికి ముందు చూడాల్సింది మ్యాపు.

1. లాడ్జి రిజర్వు లోపలా, గేటు బయటా, పక్కనున్న కన్సర్వెన్సీలోనా (రిజర్వును ఆనుకుని ఉన్న ప్రైవేటు సంరక్షణ ప్రాంతం) అన్నది తేల్చుకోండి. సెకెనాని, తలెక్ గేట్ల బయట గదులు చవక. కానీ 2024 నుంచి విదేశీయులకు రిజర్వు ప్రవేశ రుసుము మనిషికి రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. చవక గది అనుకున్నది ఇక్కడే తడిసి మోపెడవుతుంది. కాబట్టి ప్యాకేజీ ధరలో ఈ రుసుము ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి.

నాబోయిషో, మారా నార్త్ లాంటి కన్సర్వెన్సీల భూములు స్థానిక మసాయి తెగ కుటుంబాలవి. లాడ్జిలు వాళ్లకు కౌలు కడతాయి. రేటు ఎక్కువే. అయితే రాత్రి సఫారీ, గైడుతో కాలినడక లాంటివి అక్కడ కుదురుతాయి, జీపుల రద్దీ కూడా తక్కువ. ఒక రోజు తగ్గించుకునైనా కన్సర్వెన్సీలో ఉండమనే నేను చెబుతాను.

2. విల్డెబీస్ట్‌ల (జింక జాతి జంతువుల) వలస చూడాలంటే జూలై–అక్టోబరు. నెలల ముందే గదులు నిండిపోతాయి.

3. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో దిగాక క్వారంటైన్‌కి పంపుతారు. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడగండి. కెన్యా ఈటీఏకి, అంటే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతికి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి.

4. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకు వెళ్లే చిన్న విమానాల్లో సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కెన్యాలో 2017 నుంచి నిషేధం. ఆవకాయ, కారప్పొడి స్టీలు డబ్బాల్లో సర్దండి. ఆఫ్రికా కదా అని స్వెటర్ మానేయకండి. మారా 1,500 మీటర్లకు పైన ఉంది, తెల్లవారుజామున ఓపెన్ జీపులో పళ్లు టకటకలాడతాయి.

5. చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని అస్కారి, అంటే కాపలాదారు, వచ్చాకే టెంటు దాటండి. జిప్పు పూర్తిగా వేయండి, బాబూన్ కోతులు చక్కెర పొట్లాన్ని కూడా వదలవు. రాత్రి పక్కలో కాలికి వెచ్చగా, మెత్తగా ఏదో తగిలితే కేకలు వేయకండి: అది చలికని లాడ్జివాళ్లు పెట్టిన వేడినీళ్ల సంచి.

6. రిజర్వు లోపల బస చేస్తే చివరి రోజు ఉదయం 10 లోపు గేటు దాటండి. ఆలస్యమైతే మరో రోజు రుసుము కట్టాలి.