సాంబ్రాణి ఎప్పుడు చల్లాలంటే

తలంటుకున్నాక జుట్టుకు సాంబ్రాణి పట్టేవాళ్లకి ఒక మాట. మంట ఉండగా పొడి చల్లొద్దు. భగ్గున అంటుకుని నల్లపొగ, మసికంపు. కొబ్బరిచిప్పలు బాగా కాలి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కట్టనివ్వండి. అప్పుడు చిటికెడంటే చిటికెడే. అట్టముక్కతో మెల్లగా విసరండి. నోటితో ఊదితే బూడిదంతా కళ్లలోనే. కిటికీ తెరిచి ఉంచండి, ఇంట్లో ఉబ్బసం వాళ్లుంటే అసలు వద్దు.

ఇది నేను మా కావలిలో నేర్చుకోలా. ఇంటర్ తప్పి మద్రాసు రైలెక్కి, కోడంబాక్కంలో ఒక స్టూడియోలో పొగ వేసే కుర్రాడిగా చేరా. అప్పట్లో సెట్లో మబ్బులు కావాలంటే సాంబ్రాణే దిక్కు. మొదటిరోజే, మబ్బులు ఎక్కువైతే మెచ్చుకుంటారని, మండే నిప్పుల మీద గుప్పెడు పోశా. స్వర్గం కాస్తా కట్టెలపొయ్యి వంటిల్లయింది. దేవకన్యలు వరసబెట్టి తుమ్మారు. మన ఒంగోలు వైపు కెమెరా అసిస్టెంటు ముక్కు మూసుకుని, "ఏందబ్బయ్యా, ఇటికల బట్టీ పెట్టినావా?" అన్నాడు. నారదుడి తెల్లపంచె సాయంత్రానికి బూడిదరంగులోకి దిగింది. ఉతికే పని కూడా నాకే పడింది.