డిస్ట్రిబ్యూటర్ దించే ముందు బొటనవేలు పెట్టి చూడండి

పోయిన వారం నాకు తెలిసిన ఒకతను తన పాత కారుకి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా స్పార్క్ పంచే భాగం) మార్చుకున్నాడు. తెలియని పనేమీ కాదు. వైర్లకు నంబర్లు కట్టాడు, క్రాంక్ పుల్లీ మీద టైమింగ్ గుర్తు కలిపాడు, కొత్తది దించి బిగించాడు. సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాలేదు. పెట్రోల్ అందడం లేదేమో అనుకుని ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్‌లో కాస్త పెట్రోల్ పోసి, దాని మీదకు వంగి చూస్తూ తమ్ముణ్ణి మళ్లీ సెల్ఫ్ కొట్టమన్నాడు. కార్బురేటర్‌లోంచి భగ్గున మంట లేచింది. కనుబొమలు కాలాయి, కుడిచేయి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. కళ్లు దక్కాయి. చేతిలో ఉన్న పెట్రోల్ సీసాకు మంట అంటుకోకపోవడం అదృష్టమే.

పెట్రోల్ పోయడం తప్పే. కానీ అసలు తప్పు అంతకు గంట ముందే జరిగిపోయింది. గుర్తు కలిసింది కదా అని డిస్ట్రిబ్యూటర్ దించేశాడు. కొత్తగా చేసేవాళ్ల దగ్గరా, చేయి తిరిగినవాళ్ల దగ్గరా నేను మళ్లీ మళ్లీ చూస్తున్నది ఈ ఒక్క తప్పే.

గుర్తు కలిస్తే చాలదు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఒకటో నంబర్ పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కుతూ వస్తుంది, ఇంకోసారి కాలిన పొగను బయటికి తోస్తూ వస్తుంది. పుల్లీ మీద గుర్తు రెండుసార్లూ అదే చోట నిలబడుతుంది. మనకు కావలసింది మొదటిది, ఫైరింగ్ టాప్. రెండోదాని మీద డిస్ట్రిబ్యూటర్ దించితే స్పార్క్ సరిగ్గా ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటున్న వేళకు పడుతుంది. ఆ మంటకు బయటికి దారి కార్బురేటరే.

ఒకటో ప్లగ్ విప్పండి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి వచ్చే వైరు తీసి పక్కన పెట్టండి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు ఆనించి, పుల్లీ నట్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే ఇంకొకరిని నెమ్మదిగా తిప్పమనండి. ఒక దశలో వేలిని లోపలికి పీల్చినట్టు ఉంటుంది. ఆ తర్వాత గాలి వేలిని పైకి నెట్టడం మొదలుపెడుతుంది, ఎంత అదిమినా అంచులోంచి తుస్సుమని పోతుంది. అదే కంప్రెషన్. అక్కడి నుంచి మెల్లగా తిప్పుతూ పోతే గుర్తు వస్తుంది. ప్లగ్ లోతుగా ఉండి వేలు అందకపోతే రంధ్రంలో రబ్బరు గొట్టం ముక్క బిగించి, దాని చివర వేలు పెట్టండి. రాకర్ కవర్ తీసి ఉంటే ఇంకా సులువు: ఒకటో సిలిండర్ వాల్వులు రెండూ మూసి, రాకర్లు లూజుగా ఆడాలి. అవి కదులుతూ ఉంటే మీరు తప్పు టాప్ మీద ఉన్నట్టే.

మాన్యువల్‌లో టాప్‌కి 6 డిగ్రీల ముందు అని రాసి ఉంటే 6 దగ్గరే ఆపండి. దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి. వెనక్కి తిప్పుతూ గుర్తు దగ్గర ఆపితే టైమింగ్ చైన్‌లో ఉన్న లూజంతా మీ లెక్కలోకి వచ్చేస్తుంది.

దించేటప్పుడు

పాతది తీయకముందే రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ స్పార్క్ అందించే ముక్క) ఎటు చూస్తోందో, డిస్ట్రిబ్యూటర్ బాడీ ఏ కోణంలో ఉందో గీత గీసి ఫొటో తీసుకోండి. తీశాక ఇంజిన్ తిప్పొద్దు. తిప్పారా, బొటనవేలి పని మళ్లీ మొదటి నుంచి.

చాలా ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్ గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి కిందికి దిగుతున్నకొద్దీ రోటర్ కొంచెం తిరుగుతుంది. ఆ మేరకు ముందే వెనక్కి పట్టుకుని దించాలి. పూర్తిగా కూర్చున్నాక రోటర్ క్యాప్‌లో ఒకటో నంబర్ టెర్మినల్ వైపు చూడాలి. కొన్నిటిలో అడుగున ఉండే నాలుక మధ్యలో కాకుండా ఓ పక్కకు జరిగి ఉంటుంది, అది ఒక్క రకంగానే కూర్చుంటుంది. దాన్ని చూసి ధైర్యపడొద్దు, కింది డ్రైవ్ గేరే తిరగేసి పెట్టి ఉండొచ్చు. అక్కడా వేలే సాక్ష్యం.

ఇంకా పావు అంగుళం దిగాల్సి ఉండగానే ఆగిపోతే, చాలాసార్లు కింద ఆయిల్ పంపు షాఫ్ట్ గాడి కలవలేదని అర్థం. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ఆ షాఫ్ట్‌ని కాస్త తిప్పి మళ్లీ దించండి. క్లాంప్ బోల్టు బిగించి కిందికి లాగొద్దు, బాడీ పగులుతుంది. షాఫ్ట్ కలవకుండా ఇంజిన్ నడిస్తే ఆయిల్ ప్రెజర్ రాదు, బేరింగులు పోతాయి.

డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే పాయింట్ల గ్యాప్ ముందు, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) తర్వాత. గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగ్ జరుగుతుంది.

వైర్లు ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో స్పార్క్ పడే వరస) ప్రకారం, రోటర్ తిరిగే వైపుగా వేయాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఎక్కువగా 1-3-4-2 ఉంటుంది. అయినా మీ ఇంజిన్‌ది మీరు చూసుకోండి.

ఇక సెల్ఫ్ కొట్టే ముందూ తర్వాతా

ఎయిర్ క్లీనర్ బిగించాకే సెల్ఫ్ కొట్టండి.

కార్బురేటర్‌లో పెట్రోల్ పోయొద్దు. చెంచాడు కూడా వద్దు.

మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి.

కార్బురేటర్‌లోంచి ఒక్కసారి ఠప్‌మని కొట్టిందా, ఆపేయండి. రెండోసారి సెల్ఫ్ వద్దు. ప్లగ్ విప్పండి, వేలు పెట్టండి.

డిస్ట్రిబ్యూటర్ బాడీని అటూ ఇటూ తిప్పి టైమింగ్ వెతకొద్దు. తప్పు టాప్ మీద దించినదాన్ని ఎంత తిప్పినా దారికి రాదు. నాలుగు వైర్లనూ క్యాప్‌లో ఎదురు టెర్మినల్స్‌కి మార్చేస్తే నడుస్తుంది, నిజమే. కానీ రేపు దాన్ని విప్పేవాళ్లు ఇలాగే కాల్చుకుంటారు. తీసి సరిగ్గా పెట్టండి.

కీ ఆన్‌లో వదిలి వెళ్లొద్దు. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ కాలిపోతుంది.

తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు.

టైమింగ్ చూడటానికి వాడే, స్పార్క్‌తో పాటే మెరిసే టైమింగ్ లైట్ వెలుగులో తిరిగే ఫ్యాన్ రెక్కలు ఆగిపోయినట్టు కనిపిస్తాయి. ఆగలేదు. లైటు వైర్లు, చొక్కా చేతులు, మెడలో గొలుసు, జడ, ఏదీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ దగ్గర నిలబడొద్దు.

మాన్యువల్ చెబితే, లైటు పెట్టే ముందు డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ గొట్టం తీసి దాని నోరు మూయండి. ఐడిల్ మాన్యువల్ చెప్పిన దగ్గర ఉండాలి. ఎక్కువుంటే డిస్ట్రిబ్యూటర్ లోపల వేగాన్ని బట్టి టైమింగ్‌ని ముందుకు జరిపే బరువులు ముందే తెరుచుకుని తప్పు లెక్క చూపిస్తాయి.

పికప్ కోసం నాలుగు డిగ్రీలు అదనంగా ఇవ్వొద్దు. బండి బరువు లాగుతున్నప్పుడు నాకింగ్ (లోపల టకటకమని కొట్టుకోవడం) వస్తే పిస్టన్‌కి చిల్లు పడేదాకా పోతుంది. మరీ వెనక్కి పెట్టినా ఇంజిన్ వేడెక్కుతుంది.

గుర్తు కలిసిందా? చాలదు. గాలి వేలిని నెట్టిందా?

క్లాంప్ బిగించాక లైటు మళ్లీ పెట్టి చూడండి. బిగించేటప్పుడు ఒకటి రెండు డిగ్రీలు జరుగుతుంది. వాక్యూమ్ గొట్టం తిరిగి తగిలించి, బానెట్ కింద పానాలు లెక్కపెట్టుకుని, అప్పుడు మూయండి.