పాత చేతి వాచీకి అద్దం, కీ బుడిపె మార్చడం ఎలా?

ఒకప్పుడు పెళ్లికొడుక్కి అత్తవారు పెట్టే వాటిలో సైకిలు, రేడియోతో పాటు చేతి వాచీ కూడా ఉండేది. ఆ వాచీ చాలా ఇళ్లలో హెచ్‌ఎంటీనే. మా బీరువాలో పాత పాస్‌బుక్కుల కింద దొరికిందీ అదే, నాన్నగారి పెళ్లినాటి ‘జనతా’. అద్దం నిండా గీతలు. కీ ఇచ్చే బుడిపె అరిగి నున్నబడింది. బెల్టు ముట్టుకుంటే పొట్టు రాలింది. నాలుగు చుట్లు కీ ఇస్తే మాత్రం ఏమీ జరగనట్టు నడిచేసింది.

ఇలాంటి వాచీ మీ ఇంట్లోనూ ఉంటే, దాన్ని మళ్లీ చేతికి పెట్టుకునేలా చేసుకోవడం కష్టమేమీ కాదు. అయితే ఒక గీత గీసుకోవాలి. బెల్టు, పిన్నులు, అద్దం, వెనక మూత రబ్బరు, కీ బుడిపె, దాన్ని మెషీన్‌తో కలిపే సన్నటి కడ్డీ (స్టెమ్) ఇంట్లో మార్చుకోవచ్చు. లోపలి చక్రాలు, కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్‌స్ప్రింగ్, వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్, ఆయిలింగ్ రిపేరర్ పని. డయల్ సంగతి వేరు. దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే మంచిది.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. కాబట్టి కొత్త విడిభాగాలు ఫ్యాక్టరీ నుంచి రావు. పాత స్టాకో, మూలన పడ్డ ఇంకో వాచీలోంచి తీసినవో దొరకాలి. జనతాలో ఉండేది 17 జ్యుయెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), చేత్తో కీ ఇచ్చే 0231 మెషీన్. కొనేటప్పుడు ‘జనతాకి’ అనకుండా ఈ నంబరు చెప్పి అడగండి. వేరే వాచీ అయితే వెనక మూత తీశాక మెషీన్ మీద చెక్కిన నంబరు రాసుకోండి.

ముందు జబ్బేమిటో చూడండి

కీ ఇస్తూ పోతే చివర్లో బిగిసి ఆగాలి. ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉంటే మెయిన్‌స్ప్రింగ్ తెగి ఉండొచ్చు, రిపేరర్‌కి ఇచ్చేయండి. తిప్పేటప్పుడు మధ్యమధ్యలో జారినట్టుంటే స్టెమ్ మీది చిన్న పళ్ల చక్రాలు అరిగాయేమో చూడాలి. ఊపితే నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోతుంటే మాత్రం అరిగిందేమీ లేకపోవచ్చు. నూనె ఎండిపోయి, దుమ్ముతో కలిసి జిగురై ఉంటుంది. ‘కీ ఎక్కువైపోయి బిగుసుకుపోయింది’ అని చాలామంది అంటారు. చేత్తో కీ ఇచ్చే వాచీలో అలా జరగదు. పూర్తిగా కీ ఇచ్చాక కూడా కదలకపోవడానికి కారణం చాలాసార్లు ఆ జిగురే.

అలాంటి వాచీలో కొబ్బరి నూనె చుక్క వేసి నడిపించే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నడుస్తుంది కూడా, కొన్నాళ్లు. తర్వాత ఆ నూనె పేరుకుని, దాన్ని కడగడానికి వాచీ మొత్తం విప్పాల్సి వస్తుంది. మెషీన్‌లో ఏ నూనే వేయకండి.

సామాను

వాచీ స్క్రూలకు సరిపోయే సన్నటి స్క్రూడ్రైవర్లు (1.2, 1.4 మి.మీ. చాలు), కొసలు సన్నగా ఉన్న చిమ్టా, కంటికి పెట్టుకునే భూతద్దం (లూప్), గాలి కొట్టే రబ్బరు బుడ్డి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్, చిన్న ఆకురాయి, స్టెమ్ కత్తిరించే కట్టర్. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దాని అంచులు కాస్త పైకి మడవండి. బెల్టుని పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను ఎగిరితే గది ఆ చివర పడుతుంది. ఫ్యాన్ ఆపండి. మన ఎండల్లో అది కష్టమే, కానీ ఉప్పు గింజ కంటే చిన్న స్క్రూ ఒకసారి గచ్చు మీద పడిందంటే ఇక చీపురుకే దొరుకుతుంది.

ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ఏ స్క్రూ ఎక్కడిదన్న టెన్షన్ ఉండదు.

బెల్టు తీసి, వెనక మూత తెరవడం

బెల్టు పిన్నుని స్ప్రింగ్‌బార్ పనిముట్టుతో లోపలికి నొక్కి తీయండి. తీసిన పాత పిన్నులు మళ్లీ వాడకండి. తుప్పు పట్టిన పిన్ను రేపు బస్సులో కడ్డీ పట్టుకున్నప్పుడు తెగితే వాచీ మొత్తం పోతుంది. కేసుకి బెల్టు తగిలించే రెండు కొమ్ముల మధ్య దూరం కొలిచి బెల్టూ పిన్నులూ తీసుకోండి. జనతాకి 18 మి.మీ. సరిపోతుంది.

మూత అంచు చుట్టూ గాట్లు ఉంటే అది మరతో తిరిగే మూత, దానికి తగ్గ కీ కావాలి. గాట్లు లేకుండా ఒకచోట గోరు పట్టేంత సందు ఉంటే నొక్కుడు మూత. ఆ సందులో మొద్దు చాకు పెట్టి, గుచ్చకుండా, మెల్లగా తిప్పితే ఊడుతుంది. మూత లోపల రబ్బరు రింగు సాధారణంగా తారులా కరిగి అంటుకుపోయి ఉంటుంది. పుల్లతో మొత్తం గీకి తీసేసి, అదే వ్యాసం, అదే మందం ఉన్న కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు కొంచెం రాసి పెట్టండి. రింగు మార్చాం కదా అని చేతికి వాచీతో స్నానానికి వెళ్లకండి. ఈ వాచీల రక్షణ చెమటకూ చినుకులకే.

స్టెమ్, మెషీన్ బయటికి

అసలు జాగ్రత్త ఇక్కడే. స్టెమ్ మెషీన్‌లోకి వెళ్లే చోట, దాని పక్కనే ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కొన్ని వాచీల్లో స్క్రూ బదులు నొక్కే చుక్క ఉంటుంది. స్క్రూ అయితే ఒక చుట్టు, మహా అయితే రెండు చుట్లు వదులు చేసి, బుడిపెను మెల్లగా లాగండి. రాకపోతే ఇంకో అర చుట్టు. స్క్రూ మొత్తం విప్పేశారా, దానికి పట్టుకుని ఉన్న లీవరు డయల్ కిందికి జారుతుంది. ఇక ముళ్లూ డయలూ అన్నీ ఊడదీస్తే తప్ప దాన్ని సరిచేయలేరు. నేను మొదటిసారి సరిగ్గా అదే చేశాను. ఐదు నిమిషాల పనికి రిపేరర్ దగ్గర వారం రోజులు తిరిగాను.

స్టెమ్ వచ్చాక, మెషీన్‌ని కేసుకి పట్టి ఉంచే అంచు స్క్రూలు తీసి, కేసుని అరచేతిలోకి మెల్లగా బోర్లిస్తే మెషీన్ వస్తుంది. ముళ్లు కింద ఆనకూడదు. డయల్ అంచు మాత్రమే ఆనేంత చిన్న మూత తీసుకుని, ముళ్లు దాని గుంటలోకి వచ్చేలా పెట్టి, పైన గాజు గ్లాసు బోర్లించండి. అటూ ఇటూ ఊగుతున్న బ్యాలెన్స్ చక్రాన్ని వేలితో ఆపి చూడాలనిపిస్తుంది. వద్దు.

ఒక హెచ్చరిక. మనవాళ్లు చీకట్లో వెలిగే దేన్నైనా ‘రేడియం’ అంటారు. కానీ 1960ల వరకు వచ్చిన కొన్ని స్విస్ వాచీల ముళ్ల మీద, అంకెల మీద ఉన్నది నిజంగానే రేడియం. అది ఇప్పుడు వెలగకపోయినా రేడియోధార్మికత పోదు. అలాంటి వాచీ అయితే మూతే తీయకండి, ఆ పొడి ఊపిరిలోకి వెళ్లకూడదు.

అద్దం: రుద్దాలా, మార్చాలా?

జనతా అద్దం గాజు కాదు, యాక్రిలిక్. గోటితో తడితే ప్లాస్టిక్ మొద్దు శబ్దం వస్తుంది. గీతలు మాత్రమే ఉంటే మార్చొద్దు. తెల్ల టూత్‌పేస్ట్ (జెల్ కాదు) మెత్తటి నూలు గుడ్డకి రాసి, గుండ్రంగా ఐదు నిమిషాలు రుద్ది తుడవండి. గోరుకి తగిలేంత లోతు గీతైతే ముందు 2000 నంబరు నీటి ఎమరీ కాగితంతో తడిపి రుద్దాలి. అప్పుడు అద్దం మొత్తం పాలలా తెల్లబడుతుంది. కంగారు పడకండి, పేస్ట్‌తో మళ్లీ తేటపడుతుంది. ఈ రుద్దుడంతా మెషీన్ బయట ఉన్నప్పుడే.

బీట ఉంటే మార్చాల్సిందే. కేసు లోపలి నుంచి రెండు బొటనవేళ్లతో నొక్కితే పాత అద్దం బయటికి వస్తుంది. దాని వ్యాసం వెర్నియర్‌తో 0.1 మి.మీ. వరకు కొలవండి. పాతది ముక్కలైతే కేసులో అద్దం కూర్చునే గాడిని కొలిచి, 0.1 ఎక్కువున్నది తీసుకోండి. కొత్త అద్దాన్ని పంజా లాంటి పనిముట్టుతో చుట్టూ పట్టి బిగిస్తే కాస్త ముడుచుకుంటుంది. అలాగే గాడిలో పెట్టి వదిలితే విచ్చుకుని తనంతట తానే పట్టుకుంటుంది.

వదులుగా ఉందని సూపర్‌గ్లూ వేయొద్దు. దాని ఆవిరి అద్దం లోపలి వైపు తెల్లగా పట్టేస్తుంది, డయల్ మీద కూడా. కొలత తప్పిన అద్దాన్ని జిగురు కాపాడదు, ఇంకోటి కొనండి.

బుడిపె, స్టెమ్

పాత స్టెమ్ బాగుంటే బుడిపె ఒక్కటే మార్చండి. స్టెమ్‌ని పిన్‌వైస్‌లో (సన్నటి కడ్డీలను బిగించి పట్టే పిడి) పట్టి బుడిపెను ఎడమకి తిప్పితే వస్తుంది. రాకపోతే పాత జిగురు మెత్తబడేలా కొద్దిగా వేడి చేయాలి. కొత్త బుడిపె మర, స్టెమ్ మర ఒకటే కొలతవి కావాలి. బుడిపె రంధ్రం, స్టెమ్ లోపలికి వెళ్లే కేసు గొట్టం మీద రాసుకోకుండా కూర్చోవాలి.

స్టెమ్ కూడా మార్చాలంటే, కొత్తది కావాలనే పొడవుగా వస్తుంది. పాతది విరగకుండా ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి గుర్తు పెట్టుకోండి. విరిగితే ఇలా చేయండి. మెషీన్‌ని కేసులో పెట్టి, కొత్త స్టెమ్‌కి బుడిపెను చివరిదాకా బిగించి లోపలికి తోయండి. కేసుకీ బుడిపెకీ మధ్య మిగిలిన సందు కొలవండి. ఉదాహరణకు 2.4 మి.మీ. వచ్చిందనుకోండి, మర ఉన్న కొస నుంచి 2 మాత్రమే కత్తిరించండి. మిగతాది ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తూ, ప్రతిసారీ పెట్టి చూడండి. బుడిపె కేసుని దాదాపు ఆనాలి, రాపాడకూడదు. అలాగే ముళ్లు తిప్పడానికి గోటితో లాగగలిగేంత అంచు దొరకాలి. ఈ పనికి నాకు గంటన్నర పట్టింది, అందులో కత్తిరించింది ఒక్కసారే. ఎక్కువ కోసిన స్టెమ్‌ని అతికించే మార్గం లేదు.

డయల్ మరకలు

ఆన్‌లైన్లో ‘హెచ్‌ఎంటీ కొత్తదిలా’ అంటూ మెరిసే రంగుల డయళ్లు కనిపిస్తాయి. చాలావరకు మళ్లీ రంగు వేసినవి, అక్షరాలు లావుగా, అంచులు చెదిరి ఉంటాయి. మీ డయల్ పసుపెక్కి, చెమట మరకలు పడి ఉన్నా వదిలేయండి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి, అంతే. తడి గుడ్డ తగిలిందా, అచ్చు ఊడొస్తుంది. నా వాచీలో 4 దగ్గర చిన్న గోధుమ మరక ఉంది. చెమటో, వాననీళ్లో. అది అలాగే ఉంది.

తిరిగి బిగించి, చూడటం

మూసేముందు అద్దం లోపలి వైపు వేలిముద్ర ఉందేమో లూప్‌తో చూడండి. మూసేశాకే అది కనిపిస్తుంది, ఎప్పుడూ అంతే. మెషీన్ పెట్టి, స్టెమ్‌ని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా తోసి, పక్క స్క్రూ బిగించి, చిన్నగా లాగి చూడండి.

పూర్తిగా కీ ఇచ్చి ఒక రోజు డయల్ పైకి, మరో రోజు బుడిపె కిందికి వచ్చేలా పెట్టి, టీవీ వార్తల టైముతో పోల్చండి. రోజుకి ఒక నిమిషం లోపు తేడా ఈ వయసు వాచీకి మంచి ఆరోగ్యమే. ఉన్నట్టుండి చాలా ఫాస్ట్ అయితే అయస్కాంతం తగిలి ఉండొచ్చు. ఫోన్ కవర్ మూతలో ఉండే అయస్కాంతం చాలు. రిపేరర్ దగ్గర ఆ అయస్కాంత గుణాన్ని తీసేసే డీమ్యాగ్నెటైజర్‌తో అర నిమిషంలో పోతుంది. అక్కడికి వెళ్లినప్పుడే ఆయిలింగ్ ఎంతవుతుందో కూడా అడగండి. పాత వాచీ చివరిసారి ఎప్పుడు విప్పారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కదా.

అన్నీ సరిపోయాక, చివర్లో బెల్టు. ముందే తొడిగితే మూత బిగించేటప్పుడు అడ్డం వస్తుంది.