మురుగునీటి పరీక్షల ల్యాబ్‌కు గుర్తింపు: దరఖాస్తు, తనిఖీకి సన్నాహం

దరఖాస్తులో ఎక్కువ చిక్కులు తెచ్చేది పరీక్షల జాబితా, అంటే స్కోపు. ప్రతి పరీక్షకూ పద్ధతి సంఖ్య, అది ఏ ఏటి ప్రచురణో, కొలవగల పరిధి ఎంతో రాయాలి. స్కోపులో ఒక ఏడాది ప్రచురణ, బెంచి మీది ఎస్‌ఓపీలో (పరీక్ష చేసే తీరును వరుసగా రాసిన పత్రం) మరో ఏడాదిది ఉంటే తనిఖీలో లోపంగా రాస్తారు. ఎప్పుడో గాని చేయని పరీక్షను స్కోపులో పెట్టకపోవడమే మేలు. అధికారి ఎదుట చేసి చూపమంటే తడబాటు తప్పదు.

క్వాలిటీ మాన్యువల్, ఎస్‌ఓపీలు, సిబ్బంది అర్హత పత్రాలు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు (పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయనే పత్రాలు), ప్రొఫిషియెన్సీ టెస్టింగ్ (బయటివాళ్లు పంపిన నమూనాతో ల్యాబ్ పనితీరును పరీక్షించడం) ఫలితాలు జతచేయాలి. ఫారం, ఫీజు ఆయా నియంత్రణ సంస్థ చెప్పినట్టే.

తనిఖీ తేదీ ఖరారు కాగానే బీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) పరీక్ష మీద పడండి. ఫలితానికి 5 రోజులు పడుతుంది కాబట్టి చివరి వారంలో తప్పు దొరికితే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఇంక్యుబేటర్ 20 డిగ్రీల సెల్సియస్‌కు ఒక డిగ్రీ మించి అటూఇటూ పోకూడదు. డైల్యూషన్ వాటర్ బ్లాంక్‌లో (నమూనా కలపకుండా, పలుచన చేసే నీటితో మాత్రమే పెట్టే సీసా) ఆక్సిజన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ తగ్గిందంటే సీసాలనో, డిస్టిల్డ్ వాటర్‌నో అనుమానించాలి. గ్లూకోజ్-గ్లుటామిక్ యాసిడ్ చెక్ (ఫలితం ముందే తెలిసిన ద్రావణంతో చేసే సరిచూపు) లీటరుకు 198 మిల్లీగ్రాములకు 30.5 అటూఇటూగా రావాలి. పదేపదే తక్కువ వస్తుంటే ముందు సీడ్‌ను (సీసాలో కలిపే సూక్ష్మజీవులు) చూడండి. నమూనా సీసాలో 5వ రోజున లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ మిగలాలి, కనీసం 2 మిల్లీగ్రాములు ఖర్చయి ఉండాలి.

సీఓడీ (మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) చెక్‌కు ఎండబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 425 మిల్లీగ్రాములు లీటరుకు కలిపితే లీటరుకు 500 మిల్లీగ్రాముల సీఓడీ వస్తుంది. ఇదే పరీక్షలో వాడే ఫెర్రస్ అమోనియం సల్ఫేట్ ద్రావణం గాలి తగిలి బలం తగ్గుతుంది. వాడే రోజే స్టాండర్డైజ్ చేయకుండా (అసలు బలం కొలిచి చూడకుండా) పాత నార్మాలిటీతో (ద్రావణం బలాన్ని తెలిపే అంకె) లెక్కగడితే సీఓడీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఇక రిజిస్టర్లు. ల్యాబ్ మూసి ఉన్న ఆదివారం నాడు కూడా ఫ్రిజ్ ఉష్ణోగ్రత చేతిరాతతో నమోదై ఉంటే, మిగతా పేజీలన్నీ అనుమానంలో పడతాయి. వైట్‌నర్ వద్దు. తప్పుపై ఒకే గీత గీసి పొట్టి సంతకం, తేదీ వేయాలి.

పాత రిపోర్టులోంచి అధికారి ఒక అంకెను ఎంచుకుని దాని పుట్టుక అడుగుతారు: బెంచి షీటు, ఆనాటి బ్లాంక్, స్టాండర్డ్ తయారీ, తూకం యంత్రం చెక్, నమూనా అందిన సమయం. దరఖాస్తు పంపేముందే ఈ దారిలో మీరే ఓ పది ఫలితాలను వెనక్కి వెతికి చూడండి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే పాత తేదీ వేసి నింపకండి. కనిపెట్టిన రోజు తేదీతోనే లోపం, కారణం, దిద్దుబాటు రాసి ఫైల్లో పెట్టండి.